మొగిలి లెన్సు, మల్లక్క మొఖం

మొగిలి ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. కంపెనీ క్వార్టర్లు కట్టినాయన ఎవరో గాని, ఇటుకలు పొదుపు చేద్దామని ఒక్క గోడకు రెండు సంసారాలను ఆనించి పోయాడు. వాళ్లింట్లో పోపు పెడితే మాకు తుమ్ములు, మా ఇంట్లో టీవీ పెడితే వాళ్లకు వార్తలు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం చూసింది, సగం ఆ గోడ చెప్పింది.

మొగిలి బొగ్గుబాయిలో సర్దార్. అండర్‌గ్రౌండులో గుంపుకు ముందు నడిచి, పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, ఇక్కడ కూర్చోవచ్చు, అక్కడ నిలబడొద్దు అని చెప్పే పని. నెమ్మది మనిషి. పేకాట లేదు, మందు పండుగలకే. ఉన్న పిచ్చల్లా ఫోటోలు. పెండ్లయిన కొత్తలో రీలు కెమెరా కొన్నాడు. డిజిటల్ వచ్చాక అదీ కొన్నాడు. దానితోపాటు డబ్బాలో వచ్చిన లెన్సుతోనే ఏండ్లకేండ్లు భార్య మల్లక్కను తీస్తూ వచ్చాడు. గుడి ముందు మల్లక్క, గోదావరి బ్రిడ్జి మీద మల్లక్క, మేకపోతు పక్కన మల్లక్క. ప్రతి ఫోటోలో మొఖాన ఫ్లాషు కొట్టి, కండ్లు ఎర్రబడి, ఎవరింట్లోనో చెంబు ఎత్తుకుపోతూ దొరికినట్టు ఉంటుంది పాపం.

మొగిలి దోస్తు ఖైజర్. అదే బాయి మీద ల్యాంపు రూములో పని. దిగేవాళ్లకు కిటికీలోంచి టోపీ లైట్లు ఇవ్వాలి, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకుని చార్జింగు పెట్టాలి. ఉండేది మా వెనక లైనులోనే. ఫోటోల పిచ్చి ఇద్దరికీ ఒక్కసారే పట్టింది. ఇన్నేండ్లూ ఇద్దరి ఫోటోలూ ఒకే తీరుగా బాగుండకపోవడంతో దోస్తీ చక్కగా నడిచింది.

నడవనిచ్చేవాడైతే ఖైజర్ ఆ లెన్సు కొనకపోవును.

పొట్టి లెన్సు. జూము లేదు. దగ్గరగా కావాలంటే కాళ్లతో నడిచి దగ్గరికి పోవాల్సిందే. కాని నోరు పెద్దది, వెలుతురు బాగా మింగుతుంది. దాని మీద 50 అని, పక్కన 1.8 అని రాసి ఉంటుంది. ఆ రెండో అంకె ఎంత చిన్నదైతే నోరు అంత పెద్దదని లెక్క. ఇంట్లో ట్యూబులైటు కింద ఫ్లాషు లేకుండానే ఫోటో వస్తుంది. వెనకున్న బీరువా, క్యాలెండరు, ఆరేసిన లుంగీ అన్నీ మసకలో కరిగిపోయి, మనిషి మొఖం ఒక్కటే తేటగా నిలబడుతుంది.

ఖైజర్ మనుమడికి పుట్టువెంట్రుకలు తీసిన అఖీఖా దావతుకు మా లైనంతా పోయాం. మల్లక్క ఆ పసివాణ్ని ఒళ్లో వేసుకుంది. వాడు ఆమె ముక్కుపుడక పట్టుకుని గుంజాడు. ఆమె నవ్వింది. ఖైజర్ అక్కడే ఉన్నాడు, మెడలో కెమెరా ఉంది. అంతే.

ఆ పొద్దుమూకి మల్లక్క వాట్సాపులో డీపీ మారింది. అప్పటిదాకా అక్కడ ఒక మందారపువ్వు ఉండేది.

గోడ అవతలినుంచి ఆ రోజు నాకు వినిపించింది ఇది.

"డీపీల పువ్వుకు ఏమైంది?"

"వాడిపోయింది."

"నేను తీసిన ఫోటోలు లేవా? పెట్టెనిండ ఉన్నయి."

"ఉన్నయి. పెట్టెల్నే ఉండనియ్యి."

తర్వాత కాసేపు గిన్నెల చప్పుడు. మళ్లీ మొగిలి గొంతు.

"నేను తీసిన ఫోటోనే నీ డీపీల పెట్టకపోతే చూడు!"

"మంచిగ తీయి, పెడత. నాకేమన్న ఖైజరన్నతోని ఒప్పందమా?"

ఆ రోజునుంచి మొగిలికి మనశ్శాంతి పోయింది. కొత్తిమీర తెమ్మని భార్య మెసేజి పెడితే, మెసేజి పక్కన గుండ్రంలో ఖైజర్ తీసిన నవ్వు. గ్యాసు బండ వచ్చిందని పెడితే మళ్లీ అదే నవ్వు. సొంత భార్య కొత్తిమీర అడుగుతుంటే నడుమ ఇంకొకడి పనితనం మెరుస్తున్నది. చాయ్ హోటలు దగ్గర సదయ్య అని, బాయిలో బొగ్గు టబ్బులు గుంజే హాలేజీ ఆపరేటరు అడగనే అడిగాడు.

"అన్నా, వదినె ఫోటో ఎవలు తీసిండ్రే? సినిమా యాక్టర్ లెక్కున్నది."

"లెన్సు తీసింది," అన్నాడు మొగిలి, చాయ్ సగంలో పెట్టి లేస్తూ.

దసరా ముందు కంపెనీ లాభాల వాటా పడుతుందని తెలిసిందే గదా. ఆ డబ్బులకు మల్లక్క అప్పటికే వంటింటి అరలు అనుకుంది. మొగిలి లెన్సు అనుకున్నాడు. ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. మంచం మీద బోర్లా పడుకుని, ముక్కుకు ఫోను ఆనించుకుని, ముప్పై అయిదా యాభయ్యా అని తనలో తనే గొణుక్కునేవాడు. ఖైజర్ వచ్చే అలికిడి వింటే వీడియో ఆపి, ఎరువుల ధరలు చూస్తున్నట్టు నటించేవాడు. సెంటు భూమి లేనివాడికి ఎరువులెందుకో ఖైజర్ అడగలేదు. మర్యాదస్తుడు. పైగా కనిపెట్టేశాడు.

"మొగిలి భాయ్, లెన్సు కొంటున్నవంట గద! ముప్పై అయిదు తీస్కో. నేను యాభై కొని గల్తీ చేసిన. అంకె పెరిగితె మనిషి దగ్గరికొస్తడు, మన క్వార్టర్లల్ల ఎనకకు జరుగ జాగ చాలది. ఇంట్ల రోజు తీసుకునేటందుకు ముప్పై అయిదే కరెక్టు."

మామూలు మనిషికి ఇది మంచిమాట. అసూయతో చెవులు మూసుకుపోయినవాడికి ఇది కుట్ర. ఖైజర్ పోయాక మొగిలి మా గడపలోకి వచ్చి చెప్పాడు.

"చూసినవా? ఆయనకు యాభై, నాకు ముప్పై అయిదంట. నన్ను తక్కువల పెట్టేటందుకు చూస్తండు."

మరుసటి ఆదివారం కరీంనగర్ పోయాడు. దుకాణపాయన రెండు లెన్సులు అద్దంపెట్టె మీద పెట్టి, ఇంట్లో తీయడానికైతే ముప్పై అయిదే తీసుకొమ్మన్నాడు. ఖైజర్ ముందే ఫోన్ చేసి చెప్పి ఉంటాడని మొగిలికి ఖాయమైంది.

"యాభైలనే, ఒకటి పాయింటు ఎనిమిది కన్న మీదిది ఏమున్నది?"

"ఒకటి పాయింటు నాలుగు ఉన్నది సార్. కని మీకు గంత అవసరం పడది. నోరు మొత్తం తెరిస్తె ఫోకసు చాకు అంచంత సన్నగుంటది. కన్ను మీద పెడితే ముక్కు పోతది. కొంచెం మూసి తీసుకోవాలె."

"కొనేదే తెరిచెటందుకు. మూసెటందుకైతే ఇంట్ల పాతది ఉన్నది గద," అన్నాడు మొగిలి.

అలా ఖైజర్ లెన్సు కన్నా పాయింటు నాలుగు పెద్ద నోరున్న లెన్సు మా లైనులోకి వచ్చింది. మా ఊళ్లో ఏ వస్తువైనా బయట పెడితే పొద్దుమూకేలోగా నల్లపొర పడుతుంది. అందుకని మొగిలి దాన్ని మనుమరాలి పాత ఉన్నిసాక్సులో దాచేవాడు. సాక్సు మీద కుందేలు బొమ్మ ఉండేది.

వంటింట్లో మల్లక్క రొట్టె చేస్తుండగా తీద్దామని నిలబడ్డాడు. మొఖమంతా చెంపే కనిపించింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. గోడ తగిలింది. తలుపులోంచి వెనక వాకిట్లోకి దిగాడు. ఇంకా సరిపోలేదు. బట్టలుతికే బండ మీదికి ఎక్కాడు.

"ఇంట్లున్న మనిషిని తీసెటందుకు బయటికెందుకు పోతున్నవ్?" మల్లక్క లోపలినుంచి అరిచింది.

"కదలకు!"

"నేనెక్కడ కదులుతున్న? నువ్వే పోతున్నవ్. ఇంకింత పోతె గోదావరి వస్తది."

సరిగ్గా అప్పుడే ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు పేలింది. కిటికీలు గలగలమన్నాయి. ఇన్నేండ్లుగా రోజూ వింటున్న మొగిలి ఆ రోజు మాత్రం ఉలిక్కిపడి, ఒక కాలు సబ్బునీళ్ల బకెట్లో పెట్టాడు. కెమెరా మాత్రం నెత్తిమీదికి ఎత్తి పట్టుకున్నాడు. మా ఆవిడ గోడమీదినుంచి చూసి, పండుగనాడు బోనం ఎత్తుకున్నట్టే ఉన్నాడంది.

అయినా పట్టు వదల్లేదు. షిఫ్టు దిగి రావడం, స్నానం, చేతిలో కుందేలు సాక్సు. మల్లక్కను తీశాడు. జబీన్‌ను తీశాడు, అంటే ఖైజర్ భార్యను. సదయ్యను, మా ఆవిడను, కూరగాయల సారవ్వను తీశాడు. తీసిన ప్రతిదీ చూసుకుని, మొఖం మాడ్చుకుని, లెన్సులో ఏదో లోపం ఉందనేవాడు. కొన్నాళ్లకు కరీంనగర్ పోయి దుకాణపాయనతో లెన్సు పరీక్ష చేయించాడు. లెన్సు బంగారంలా ఉందట. ఆ మాటతో ఇంకా కుంగిపోయాడు.

ఫోటోలన్నీ ఫోనులోకి ఎక్కించి ఉన్నాయి. ఒక ఆదివారం వాళ్ల వెనక వాకిట్లో మంచం మీద మల్లక్క, జబీన్, మా ఆవిడ కూర్చుని చూడడం మొదలుపెట్టారు. నేను గోడ ఇవతల కరివేపాకు చెట్టు దగ్గర ఏదో పని కల్పించుకున్నాను. మొగిలి గడపలో కూర్చుని, వీళ్లతో తనకు సంబంధం లేనట్టు లెన్సు తుడుస్తున్నాడు.

"అక్కా, ఇది చూడు," అంది జబీన్. "నా దుపట్టకు పెట్టిన పిన్నీసు ఎంత సాఫ్ కనిపిస్తున్నదో! కంపెనీ పేరు సుత చదవొచ్చు."

"నీ మొఖమేది?"

"మొఖం ఉన్నది, పైన. పొగ లెక్క."

తర్వాతది సదయ్య. జేబులో పెన్ను మీది గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. పైన మబ్బులాంటిది ఒకటి, దానికి మీసాలు. సారవ్వ మెడలో పూసలు ఒక్కొక్కటి మెరుస్తున్నాయి, నెత్తి సగం తెగిపోయింది. మా ఆవిడ జాకెట్టు హుక్కు ఒకటి ఊడిందన్న సంగతి ఆ ఫోటో చూశాకే మాకు తెలిసింది.

ఇక మల్లక్కవి. వరుసగా పుస్తెలతాడు. రొట్టె చేస్తున్న పుస్తెలతాడు, బట్టలు ఆరేస్తున్న పుస్తెలతాడు, పూలు కడుతున్న పుస్తెలతాడు.

"ఏందయ్యా ఇది?" మల్లక్క ఫోను ఎత్తి చూపించింది. "నన్ను తీసినవా, బ్యాంకుల కుదువ పెట్టెటందుకు బంగారం తీసినవా?"

జబీన్ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మొగిలి లెన్సు తుడవడం ఆపలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మల్లక్క కూడా నవ్వుతూనే ఉంది. కాని ఉన్నట్టుండి నవ్వు తగ్గించి, ఫోటోలు మళ్లీ మొదటినుంచి జరుపుకుంటూ వచ్చింది.

"అన్నీ గక్కడ్నే ఉన్నయి," అంది మెల్లగా. "ఈయన చూసేదే గక్కడ. నాతోని మాట్లాడినన్ని రోజులు గిట్లనే, నా మెడ దిక్కు చూస్కుంటనే మాట్లాడుతడు. పెండ్లిచూపులల్ల సుత గట్లనే చూసిండు. మా అవ్వ, పిలగానికి సిగ్గు బాగున్నది, మంచోడు అన్నది. నేను, మెడల బంగారు గుండ్లు ఎన్ని తులాలో చూస్తండనుకున్న."

"నేనెందుకు చూడ? చూస్త," అన్నాడు మొగిలి. అన్నది ఆమె పుస్తెలతోనే.

ఖైజర్ అప్పుడే జబీన్‌ను పిలుచుకుపోదామని వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. మాటలన్నీ విన్నట్టున్నాడు.

"చెల్లె, మొగిలి భాయ్ ఒక్కడే కాదు. బాయి దిగేటోళ్లందరు గంతే," అన్నాడు. "నా కిటికీల బత్తి తీస్కునేటోళ్లు ఒక్కలు సుత నా మొఖం చూడరు. నా అంగీ గుండీతోని మాట్లాడి పోతరు. టోపీకి బత్తి ఉంటది గద, తల ఎటు తిరిగితే వెలుగు అటే. ఎదురుంగున్నోని మొఖం చూస్తివా, ఆని కండ్లల్ల బత్తి కొట్టినట్టే. ఆ చీకట్ల ఆనికి ఏం కనబడది, అడుగు తప్పుతడు. గందుకే వెలుగు రొమ్ము మీద పెట్టి మాట్లాడుతరు."

నిజమే. కొత్తగా చేరినవాళ్లను మొగిలి తిట్టేది ఈ ఒక్క విషయానికే అని సదయ్య కూడా ఎప్పుడో చెప్పాడు. దీపం దించరా, మనిషి మొఖం మీద కొడతావా అని అరుస్తాడట. బాయిలో ఇన్నేండ్లు పొరపాటున కూడా ఎవరి కండ్లలోనూ బత్తి కొట్టని సర్దార్, ఇంటికొచ్చి కెమెరా పట్టుకున్నా అదే మర్యాద పాటించాడు. కెమెరాలో నడిమిట్ల ఫోకసు ఎక్కడుందో చూపించే ఎర్రచుక్కను తీసుకుపోయి మనుషుల రొమ్ముల మీద పెట్టాడు. పెద్ద నోరున్న లెన్సు, చూపించినచోట చాకులా కోసింది. మిగతాది మసక చేసింది. దాని తప్పేముంది!

పగలంతా కిటికీలో కూర్చుని వచ్చీపోయే మొఖాలు చూడడమే ఖైజర్ పని. దిగేటప్పుడు తెల్లమొఖం, ఎక్కి వచ్చేటప్పుడు నల్లమొఖం. వాడి లెన్సు చూసి మొగిలి ఇంతకాలం కుళ్లుకున్నాడు. కుళ్లుకోవాల్సింది వాడి కిటికీని చూసి.

ఆ సంగతి తెలియడంతో మొగిలి అసూయ చల్లారిందని అనుకునేరు. రెండింతలైంది. లెన్సు అయితే దుకాణంలో దొరుకుతుంది.

రెండు రోజులు కెమెరా ముట్టలేదు. మూడోనాడు ఫస్టు షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, కుందేలు సాక్సు తీసుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు. సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి పొయ్యిగట్టు మీద పడుతోంది. మల్లక్క చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. కొత్త అరలు లేవు కాబట్టి గిన్నెలన్నీ ఆమె చుట్టూ కింద ఉన్నాయి.

"గట్లనే కూర్చో. కదలకు."

"మళ్లా మొదలైంది. ఉండు, పుస్తెలు సవరించుకుంట. ఫోటో వాటిదే గద!"

"ఊకో!"

మొగిలి కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఎర్రచుక్క అలవాటుగా జారి పుస్తెల మీద వాలింది. మల్లక్కకు అతని చేతుల వాలు చూస్తేనే తెలిసిపోయింది. పక్కనున్న పళ్లెం మీద గరిటెతో టంగ్ టంగ్‌మని కొట్టింది, బాయిలో టబ్బులు గుంజమని గంట కొట్టినట్టు.

"ఇంకా మీదికి గుంజు!"

చుక్క గొంతు దాకా ఎక్కింది. గరిటె మళ్లీ మోగింది. గడ్డం దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి పైకి పోవడానికి మొగిలికి మెడ పట్టేసినట్టయిందట. ఎవరో తిడతారేమో అన్నట్టు భయమైందట. తర్వాత నాకు తనే చెప్పాడు. చివరికి చుక్క కంటి మీద నిలిచింది. ఎవరి కన్నూ చెదరలేదు. మల్లక్క గరిటె ఆపింది.

గరిటె మోత ఆగగానే నేను గోడకు చెవి ఆనించాను.

"మల్లా," అన్నాడు మొగిలి కెమెరా దించకుండానే. "నీ ఎడమ కన్ను కింద పుట్టుమచ్చ ఎప్పటిసంది ఉన్నదే?"

"పుట్టినప్పటిసంది!"

క్లిక్కుమంది.

ఆ ఫోటో నేను చూశాను. పుట్టినప్పటిసంది అన్న మాటకు నోరు ఇంకా సగం తెరిచే ఉంది. కోపం రావాలా నవ్వు రావాలా తేల్చుకోలేక కనుబొమ్మలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. కండ్లు తడిగా ఉన్నాయి, చిక్కుడుకాయలకు కండ్లు తడవవు. పుట్టుమచ్చ ఆవగింజంత, తేటగా ఉంది. పుస్తెలు మసకలో ఉన్నాయి.

మొగిలి గెలిచానన్నట్టు ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు.

"ఇగ పెట్టు డీపీ."

మల్లక్క చాలాసేపు చూసింది.

"పెట్ట."

"ఎందుకు పెట్టవే? మంచిగ రాలేదా?"

"మంచిగనే వచ్చింది. గందుకే పెట్ట. యూనియన్ గ్రూపులున్నోళ్లు, మా తమ్ముని అత్తగారోళ్లు, పాలాయన, అందరు చూస్తరు. నేను నిన్ను చూసే చూపు ఆళ్లందరికెందుకు?"

దాన్ని ఫోను తెరవగానే లోపల తనకొక్కదానికే కనిపించేలా పెట్టుకుంది. బయట గుండ్రంలో మాత్రం పసివాడు ముక్కుపుడక గుంజుతున్న నవ్వే ఉంది. మొగిలి సగం రోజు పొంగిపోయాడు, సగం రోజు అలిగాడు. కొత్తిమీర మెసేజి వచ్చినప్పుడు చూస్తే, ఇంకా ఖైజర్ పనితనమే మెరుస్తున్నది.

అయితే మల్లక్క ఆ ఫోటోను జబీన్‌కు చూపించకుండా ఉండలేకపోయింది. జబీన్ దాన్ని ఖైజర్‌కు చూపించింది. చూపించి, "మీరు ఎప్పుడన్న నన్ను గిట్ల తీసిండ్రా?" అని అడిగింది. వెనక లైను గోడలు కూడా మా గోడల్లాంటివే కాబట్టి ఈ ముక్క మా దాకా వచ్చింది.

మరునాడు ఫస్టు షిఫ్టుకు ల్యాంపు రూము కిటికీ దగ్గర వరుసలో మొగిలి వెనకాలే సదయ్య నిలబడ్డాడు. జరిగింది వాడు చెప్పిందే.

ఖైజర్ బత్తి ఇవ్వబోయి చేతిలోనే పట్టుకున్నాడు.

"మొగిలి భాయ్, చిక్కుడుకాయల ఫోటో ఏ లెన్సు?"

ఇన్ని నెలలుగా మొగిలి ఎదురుచూసిన ప్రశ్న అది. తొందరపడలేదు. టోపీ సవరించుకున్నాడు.

"గదే. యాభై. ఒకటి పాయింటు నాలుగు. నోరు మొత్తం తెరిచి తీసిన."

"ఒక ఆదివారం ఇయ్యరాదు? జబీన్ నా జాన్ తింటున్నది."

"ఇస్త. ముందుగాల మా ఇంటామెకు చెప్పి నువ్వు తీసిన ఫోటో డీపీలకెల్లి తీయించు. నీ మాట ఇంటది."

"ముందుగాల లెన్సు."

"ముందుగాల డీపీ."

వెనకనుంచి వరుస గొణిగింది. జల్ది కానియ్యండ్రి, దిగాలె అని ఎవరో అరిచారు. ఖైజర్ బత్తి చేతికిచ్చాడు. మొగిలి ఆ రోజు, బాయిలో చేరిన తర్వాత మొదటిసారి, కిటికీలోంచి ఖైజర్ మొఖంలోకి సూటిగా చూశాడు. గడ్డం సగం నెరిసి ఉంది. కండ్ల కింద చారలు, రాత్రంతా ఫోనులో లెన్సులు వెతికినట్టు.

"మంచిగనే ఉన్నవ్ భాయ్, ఫోటోకు," అన్నాడు మొగిలి. అని, బత్తి టోపీకి తగిలించుకుని మీట నొక్కాడు. వెలుగు రాగానే తల దానంతటదే వంగింది. ఆ వెలుగులో ఖైజర్ అంగీ రెండో గుండీ తళుక్కుమంది.

"మరి ఆదివారం?" అని అడిగాడు ఖైజర్.

"చూద్దాం," అని ఆ గుండీకే చెప్పి, మొగిలి బాయి దిగాడు.